బ్రేకు తీస్తే సరిపోతుందా? – దీర్ఘకాలిక రక్తక్యాన్సర్, కొత్త వైద్యాలు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శి గారు ఫోన్ చేసి, "అన్నా, నీకు ఇరవై నిమిషాలు. నీ పని గురించే చెప్పు. కాని మా అమ్మకు కూడా అర్థం కావాలె" అన్నారు. వాళ్లమ్మ గారు ఇక్కడే ఉన్నారు. అమ్మా, మీకు అర్థం కాని మాట వస్తే చెయ్యి ఎత్తండి, ఆగి చెబుతాను. నేను రక్తవ్యాధుల వైద్యుణ్ణి. ఈ మధ్య మన శ్రీరాంపూర్ నుంచి, నస్పూర్ నుంచి, మంచిర్యాల నుంచి నాకు వచ్చే ఫోన్లలో ఒకటే ప్రశ్న ఎక్కువగా వినపడుతోంది: "బ్లడ్ క్యాన్సర్‌కు ఇమ్యూనోథెరపీ అని వచ్చిందట గదా, అది చేయిస్తే పూర్తిగా తగ్గుతదా?" ఈ రోజు దానికే జవాబు చెబుతాను.

ముందు రోగం సంగతి

మన బొక్కల లోపల మెత్తగా ఉండే మూలుగలో రక్తం తయారవుతుంది. ఎర్రకణాలు ప్రాణవాయువు మోస్తాయి. తెల్లకణాలు రోగాలతో కొట్లాడతాయి. ఒక మైక్రోలీటరు రక్తంలో, అంటే సూదిమొన మీద నిలిచేంత బొట్టులో, తెల్లకణాలు 4,000 నుంచి 11,000 దాకా ఉండాలి. దీర్ఘకాలిక లుకేమియాలో అవి లక్ష దాటిపోయిన రిపోర్టులు కూడా మేము చూస్తుంటాం. లెక్కకు ఎక్కువే ఉంటాయి కాని, పనికొచ్చేవి తక్కువ.

దీర్ఘకాలిక రకాల్లో ముఖ్యమైనవి రెండు. మొదటిది క్రానిక్ మైలాయిడ్ లుకేమియా, సీఎంఎల్. మన దేశంలో ఇది నడి వయసు వాళ్లకు, సంపాదించే వయసులో ఉన్నవాళ్లకు ఎక్కువగా వస్తుంది. అలసట, బరువు తగ్గడం, ఎడమ పక్కటెముకల కింద బరువుగా ఉండడం, ఊళ్లల్లో "బల్ల పెరిగింది" అంటారే, అది దీని లక్షణం. రెండోది క్రానిక్ లింఫోసైటిక్ లుకేమియా, సీఎల్ఎల్. ఇది పెద్ద వయసు వాళ్ల జబ్బు. పశ్చిమ దేశాల్లో చాలా ఎక్కువ, మన దగ్గర తక్కువ. కంటి ఆపరేషన్‌కో హెర్నియా ఆపరేషన్‌కో రక్తపరీక్ష చేయిస్తే అనుకోకుండా బయటపడుతుంది.

మన బొగ్గుబాయిల ఊళ్లో ఎవరైనా అడిగే మాట ఒకటుంది: "డస్టు మింగి మింగి వచ్చిందా సారూ?" బొగ్గుపొడి ఊపిరితిత్తులను దెబ్బ తీస్తుంది, అది నిజం. కాని దానివల్ల సీఎంఎల్ వస్తుందని రుజువు కాలేదు. సీఎంఎల్‌కు గట్టిగా రుజువైన కారణం పెద్ద మోతాదు రేడియేషన్. హిరోషిమా, నాగసాకి బాంబుల నుంచి బతికి బయటపడ్డవాళ్లలో అది తేలింది. మిగతా ఎక్కువ మందిలో కారణం ఇదీ అని చూపించలేం. అంటువ్యాధి కాదు. తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చేది కూడా కాదు. ఈ మాట ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, పెళ్లి సంబంధాలు తప్పిపోయిన ఇళ్లు నేను చూశాను.

మనవాళ్ల చెయ్యి

లుకేమియా చరిత్రలో తెలుగువాళ్ల పాత్ర చిన్నది కాదు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు మెట్రిక్ మూడోసారికి గాని పాస్ కాలేదు. పదో తరగతి పిల్లలు ఈ మాట గుర్తుంచుకోండి. టీచర్లు కూడా గుర్తుంచుకోండి. అమెరికాలో లెడర్లీ సంస్థలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని, దానికి అడ్డుపడే ఎమినోప్టెరిన్‌ను తయారుచేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ఆ మందును రక్తక్యాన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చి, రోగం కొంతకాలం వెనక్కి తగ్గిందని 1948లో ప్రకటించాడు. పిల్లల తీవ్ర లుకేమియా ఒక మందుకు లొంగడం అదే మొదలు. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు గారు కన్నుమూశారు. దాని తమ్ముడు లాంటి మెథోట్రెక్సేట్ ఇవాళ్టికీ మా వార్డుల్లో ఉంది.

రెండో కథ మన హైదరాబాద్‌ది. సీఎంఎల్‌లో 9వ, 22వ క్రోమోజోముల ముక్కలు ఒకదానికొకటి తారుమారవుతాయి. ఆ పొట్టి క్రోమోజోమును 1960లో ఫిలడెల్ఫియాలో నోవెల్, హంగర్‌ఫోర్డ్ చూశారు. తారుమారు సంగతిని 1973లో జానెట్ రౌలీ కనిపెట్టింది. ఆ అతుకు దగ్గర బీసీఆర్-ఏబీఎల్ అనే ప్రొటీన్ పుడుతుంది. ఆపడానికి వీల్లేకుండా ఇరుక్కుపోయిన స్విచ్చు అది. దాన్ని ఆపే ఇమాటినిబ్ మాత్రకు 2001 మేలో అమెరికా అనుమతి వచ్చింది. పేరు గ్లివెక్. మన దగ్గర అప్పట్లో దాని ఖర్చు నెలకు దాదాపు 1,20,000 రూపాయలు ఉండేది. అప్పుడు మన దేశపు కంపెనీలు, వాటిలో హైదరాబాద్ నాట్కో ఫార్మా ముందు వరుసలో నిలిచి, అదే మందును పది వేల లోపు ధరకు తెచ్చాయి. పేటెంటు మీద కోర్టుల్లో ఏళ్ల తరబడి వాదన నడిచింది. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు నోవార్టిస్ అప్పీలును తోసిపుచ్చింది. ఇవాళ ఒక కూలి మనిషి కూడా ఈ మాత్ర వేసుకోగలుగుతున్నాడంటే అందులో ఆ తీర్పు పాలు ఉంది.

ఇమాటినిబ్‌తో వైద్యం మొదలుపెట్టిన రోగుల్లో పదేళ్ల తర్వాత కూడా 100కు 83 మంది బతికి ఉన్నారని పెద్ద అధ్యయనం తేల్చింది. నేను చదువుకునే రోజుల్లో సీఎంఎల్ అంటే నాలుగైదేళ్ల మాట. ఇప్పుడది బీపీ, షుగర్ లాగ రోజూ మాత్ర వేసుకుని బతికే జబ్బయింది.

మూలుగ మార్పిడి నేర్పిన పాఠం

మరి మాత్ర ఉండగా ఇమ్యూనోథెరపీ ఎందుకు? మాత్ర రోగాన్ని అణచిపెడుతుంది. చాలామందిలో వేళ్లు మిగిలే ఉంటాయి. ఆ వేళ్లను పెకలించగలిగేది మన సొంత రక్షణ వ్యవస్థే అనడానికి మాకు సాక్ష్యం ఉంది.

వేరేవాళ్ల మూలుగ ఎక్కించిన తర్వాత కూడా సీఎంఎల్ తిరగబెట్టిన రోగులకు, 1990లో జర్మనీలో కోల్బ్ బృందం అదే దాత తెల్లకణాలను మళ్లీ ఎక్కించింది. కీమో లేదు, రేడియేషన్ లేదు. రోగం మాయమైంది. అంటే దాత కణాలు క్యాన్సర్ కణాలను గుర్తుపట్టి చంపాయన్న మాట. 2010లో ఫ్రాన్స్ వైద్యులు మరో సంగతి చెప్పారు. ఇమాటినిబ్‌తో రెండేళ్లకు పైగా రోగం ఆనవాలు దొరకని 100 మందికి మందు ఆపి చూస్తే, ఏడాది తర్వాత దాదాపు 41 శాతం మందిలో రోగం తిరగబెట్టలేదని లెక్క తేలింది. తిరగబెట్టినవాళ్లు మళ్లీ మాత్ర వేసుకుంటే లొంగింది. మందు లేకుండా నిలబడ్డవాళ్లలో నాచురల్ కిల్లర్ కణాలు అనే కాపలా కణాలు మెరుగ్గా ఉన్నాయని తర్వాతి పరిశోధనల్లో కనపడింది.

చెక్‌పాయింట్ అంటే చెక్‌పోస్టు కాదు

ఇక్కడ అందరూ పొరబడే మాట ఒకటి చెబుతాను. ఇమ్యూన్ చెక్‌పాయింట్ అనగానే మనకు రోడ్డు మీది చెక్‌పోస్టు గుర్తొస్తుంది. దాన్ని బ్రేకు అనుకోండి. బాయిలో ఏటవాలు మీద టబ్బులు లాగే హాలేజీకి బ్రేకు లేకపోతే ఏమవుతుందో ఇక్కడ చాలామందికి తెలుసు. మన టీ-కణాలకు కూడా అట్లాంటి బ్రేకులున్నాయి. అవి లేకపోతే సొంత కీళ్ల మీద, పేగుల మీద, థైరాయిడ్ మీద పడి కొడతాయి. క్యాన్సర్ కణం తెలివేమిటంటే, పీడీ-ఎల్1 అనే చేతిని చాచి, టీ-కణం మీదున్న పీడీ-1 బ్రేకును తొక్కిపెడుతుంది. టీ-కణం ఎదురుగా నిలబడి కూడా ఊరుకుంటుంది.

పీడీ-1ను 1992లో జపాన్‌కు చెందిన హోంజో బృందం కనిపెట్టింది. సీటీఎల్ఏ-4 అనే ఇంకో బ్రేకును అడ్డుకుంటే ఎలుకల్లో గడ్డలు కరుగుతాయని 1996లో అమెరికాలో ఆలిసన్ బృందం చూపింది. ఇద్దరికీ 2018లో నోబెల్ వచ్చింది. చర్మ క్యాన్సర్ మెలనోమాలో, ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఈ బ్రేకు తీసే ఇంజెక్షన్లు ఎందరినో నిలబెట్టాయి. పేపర్లలో మనం చదివే అద్భుతాలు ఎక్కువగా ఆ జబ్బులవే.

మరి దీర్ఘకాలిక లుకేమియాలో? ఎలుకల్లో సీఎంఎల్ తెప్పించి పీడీ-1ను అడ్డుకుంటే అవి ఎక్కువ రోజులు బతికాయని 2009లో స్విట్జర్లాండ్ పరిశోధకులు చూపారు. ఆశ పుట్టింది. మనుషుల సంగతికొస్తే, అమెరికాలో మేయో క్లినిక్ వాళ్లు పెంబ్రోలిజుమాబ్ అనే పీడీ-1 మందును సీఎల్ఎల్ రోగులకు ఇచ్చి 2017లో ఫలితాలు రాశారు. మామూలు సీఎల్ఎల్ ఉన్న 16 మందిలో ఒక్కరికి కూడా రోగం తగ్గలేదు. సీఎల్ఎల్ ముదిరి వేగంగా పెరిగే లింఫోమాగా మారితే దాన్ని రిక్టర్ మార్పు అంటాం. అట్లా మారిన 9 మందిలో మాత్రం నలుగురికి తగ్గింది.

16 మందిలో సున్నా. ఈ అంకె గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికొస్తాను.

ఎందుకు పనిచేయలేదు? ఒక పెద్ద కారణం అలసట. సీఎల్ఎల్ ఏళ్ల తరబడి ఒంట్లో ఉంటుంది. టీ-కణాలు రోజూ దాన్ని చూసి చూసి సత్తువ ఉడిగిపోతాయి. నాలుగు రోజులు వరసగా డబుల్ డ్యూటీ చేసిన మనిషికి బ్రేకు తీసిన టబ్బు అప్పజెప్పినా నెట్టలేడు గదా. అట్లాంటిదే ఇది. బ్రేకు ఒక్కటే సమస్య అయితే తీస్తే సరిపోయేది.

నోటీసు పుస్తకం ఆపే గుమాస్తా

ఇప్పుడు మైక్రో ఆర్ఎన్ఏ. మన బడిలో హెడ్మాస్టర్ గారి గదిలో అసలు రికార్డు ఉండేది. అటెండర్ నోటీసు పుస్తకం పట్టుకుని తరగతికొచ్చి, "రేపు సెలవు" అనే మాట చదివించేవాడు. జీన్ అంటే ఆ అసలు రికార్డు. మెసెంజర్ ఆర్ఎన్ఏ అంటే నోటీసు పుస్తకం. తరగతిలో జరిగే పని ప్రొటీన్. వరండాలో ఒక గుమాస్తా ఆ పుస్తకాన్ని ఆపి, "ఇది ఇప్పుడు చదవొద్దు" అన్నాడనుకోండి. రికార్డు మారలేదు, కాని సెలవు రాలేదు. ఆ గుమాస్తానే మైక్రో ఆర్ఎన్ఏ. దాదాపు 22 అక్షరాల పొడవు మాత్రమే ఉంటుంది. మన జన్యుగ్రంథం మొత్తం 300 కోట్ల అక్షరాలు. ఈ చిన్న గుమాస్తాను 1993లో ఒక మిల్లీమీటరు పొడవున్న పురుగులో ఆంబ్రోస్, రవ్‌కన్ కనిపెట్టారు. 2024లో వాళ్లకు నోబెల్ ఇచ్చారు.

క్యాన్సర్‌తో మైక్రో ఆర్ఎన్ఏకు ఉన్న సంబంధం మొట్టమొదట బయటపడింది ఏ జబ్బులోనో తెలుసా? మనం చెప్పుకుంటున్న సీఎల్ఎల్‌లోనే. సగానికి పైగా సీఎల్ఎల్ రోగుల్లో 13వ క్రోమోజోములో ఒక ముక్క ఊడిపోయి ఉంటుంది. ఆ ముక్కలో ఏ క్యాన్సర్ జీన్ ఉందో అని ఏళ్ల తరబడి వెతికారు, దొరకలేదు. 2002లో కాలిన్, క్రోచే అక్కడ ఉన్నవి మిర్-15ఎ, మిర్-16 అనే ఇద్దరు గుమాస్తాలని తేల్చారు. వాళ్లు ఆపే నోటీసుల్లో బీసీఎల్-2 ఒకటని 2005లో తెలిసింది. బీసీఎల్-2 కణాన్ని చావనివ్వని ప్రొటీన్. గుమాస్తాలు లేకపోతే అది పేరుకుపోయి, పోవాల్సిన కణం పోకుండా కూర్చుంటుంది. బీసీఎల్-2ను నేరుగా అడ్డుకునే వెనెటోక్లాక్స్ మాత్ర వేరే దారిలో తయారై 2016లో వచ్చింది. సీఎల్ఎల్‌లో అది అంత బాగా పనిచేయడానికి కారణం కొంతవరకు ఈ కథలోనే ఉంది.

బ్రేకులకు, గుమాస్తాలకు సంబంధం ఎక్కడంటే, పీడీ-ఎల్1 అనే చెయ్యి తయారవడానికి కూడా ఒక నోటీసు పోవాలి. మిర్-34ఎ ఆ నోటీసును ఆపుతుందని తీవ్ర మైలాయిడ్ లుకేమియా కణాల్లో, ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో చూపించారు. మందులకు లొంగని సీఎల్ఎల్‌లో మిర్-34ఎ తగ్గిపోయి ఉంటుంది. అందుకని పరిశోధకుల ఆలోచన ఇది: బ్రేకును బయటి నుంచి ఇంజెక్షన్‌తో అడ్డుకోవడం కన్నా, బ్రేకు తొక్కే చెయ్యే పుట్టకుండా లోపలి నుంచి ఆపలేమా? ఒక్క గుమాస్తా పది నోటీసులను ఆపగలడు కాబట్టి ఒక్క మందుతో పది పనులు కావా?

ఆలోచన అందమైనదే. మిర్-34ఎను కృత్రిమంగా తయారుచేసి ఎంఆర్ఎక్స్34 పేరుతో 2013లో మనుషుల్లో పరీక్ష మొదలుపెట్టారు. మైక్రో ఆర్ఎన్ఏను క్యాన్సర్ మందుగా మనిషికి ఇవ్వడం అదే మొదలు. 85 మంది చేరారు. ముగ్గురికి గడ్డలు చెప్పుకోదగ్గంత తగ్గాయి. కాని రక్షణ వ్యవస్థ అదుపు తప్పి నలుగురు చనిపోయారు. 2016లో పరీక్ష ఆపేశారు. పది నోటీసులు ఆపగల గుమాస్తా, ఆపకూడని పదకొండోది కూడా ఆపుతాడు. అదీ సమస్య.

ఇంకో ఉదాహరణ మిర్-155. సీఎల్ఎల్‌లో ఇది ఎక్కువగా ఉంటుంది, రోగాన్ని ఎగదోస్తుంది. దాన్ని అడ్డుకునే కోబోమార్సెన్ అనే మందును మనుషుల్లో పరీక్షించారు. కాని అదే మిర్-155 లేని ఎలుకలు ఇన్‌ఫెక్షన్లతో సరిగ్గా కొట్లాడలేవని 2007లోనే తేలింది. శత్రువు చేతిలోని కత్తీ, మన చేతిలోని కత్తీ ఒకటే అయితే దేన్ని విరుస్తాం? మందును క్యాన్సర్ కణానికి మాత్రమే చేర్చే దారి దొరికేదాకా ఈ పని ప్రయోగశాలలోనే ఉండాలి. ఇవాళ్టికి ఏ క్యాన్సర్‌కూ మైక్రో ఆర్ఎన్ఏ మందు అనుమతి పొంది బజారులోకి రాలేదు.

అట్లాగని ఇమ్యూనోథెరపీ దారి మూసుకుపోలేదు. రోగి టీ-కణాలను బయటికి తీసి, క్యాన్సర్‌ను గుర్తుపట్టేలా మార్చి మళ్లీ ఎక్కించే కార్-టీ వైద్యాన్ని 2010లో పెన్సిల్వేనియాలో ఇచ్చింది ముగ్గురు సీఎల్ఎల్ రోగులకే. వారిలో ఇద్దరికి పదేళ్ల తర్వాత కూడా ఆ కణాలు ఒంట్లో కాపలా కాస్తున్నాయని 2022లో రాశారు. మన దేశంలో ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కలిసి రూపొందించిన కార్-టీకి 2023లో అనుమతి వచ్చింది. అది కొన్ని లింఫోమాలకు, తీవ్ర లుకేమియాలో ఒక రకానికి. సీఎల్ఎల్‌కు కాదు, సీఎంఎల్‌కు కాదు.

ప్లాటు అమ్మకానికి పెట్టిన ఇల్లు

నిరుడు మన బడి జూనియర్ ఒకాయన ఫోన్ చేశాడు. నాన్న గని నుంచి రిటైరైనవాడు. రక్తపరీక్షలో సీఎల్ఎల్ బయటపడింది. మనిషికి ఏ బాధా లేదు, రోజూ పొద్దున్నే నడక, పేపరు. ఒక చోట "ఇమ్యూనోథెరపీ ఆరు డోసులు, ఆలస్యం చేస్తే చెయ్యి దాటుద్ది" అన్నారట. ఖర్చు లక్షల్లో. రిటైర్మెంట్ డబ్బుతో కొన్న ప్లాటు అమ్మకానికి పెట్టారు, బయానా కూడా మాట్లాడుకున్నారు.

నేను అడిగింది రెండే ప్రశ్నలు. రిక్టర్ మార్పు ఉందని ఎక్కడైనా రాశారా? లేదు. ఏ ఆధారంతో ఈ ఇంజెక్షన్ అని రాశారా? లేదు. "16 మందిలో సున్నా" అనే మాట చెప్పి, రెండో అభిప్రాయం తీసుకోమన్నాను. రిపోర్టులు చూసిన పెద్ద డాక్టరు గారు మూడు నెలలకోసారి రక్తపరీక్ష చేయించుకుంటూ ఉండమని మాత్రమే రాసిచ్చారు. సీఎల్ఎల్‌లో చాలామందికి ఏళ్ల తరబడి మందే అక్కర్లేదు. కనిపెట్టుకుని ఉండడం కూడా వైద్యమే. ఆ ప్లాటు ఇప్పటికీ వాళ్లదే. ఆ పెద్దాయన ఈ సభలోనే ఉన్నారు. పేరు చెప్పొద్దన్నారు, చెప్పను.

ఇంటికి తీసుకుపోవాల్సిన మాటలు

ఒకటి. సీఎంఎల్ ఉన్నవాళ్లు మాత్ర సొంతంగా ఆపొద్దు. "ఒళ్లు బాగైంది" అనిపించడం మాత్ర పనిచేస్తోందనడానికి గుర్తు, రోగం పోయిందనడానికి కాదు. మందు ఆపి చూడడం అనేది కొందరికే, అదీ ఏళ్ల తరబడి మంచి ఫలితం వచ్చాక, డాక్టరు కళ్ల ముందే. మొదట్లో మూడు నెలలకోసారి బీసీఆర్-ఏబీఎల్ పరీక్ష తప్పనిసరి. పిల్లల్ని కనాలనుకునే ఆడపిల్లలు ముందే డాక్టరుతో మాట్లాడాలి. ఇమాటినిబ్ కడుపులో బిడ్డకు మంచిది కాదు.

రెండు. లుకేమియాకు మైక్రో ఆర్ఎన్ఏ మందు అమ్ముతామని ఎవరన్నా అంటే అది మోసం. ట్రయల్ అంటే, మన దేశంలో 2009 నుంచి ప్రతి ట్రయల్ సీటీఆర్ఐ అనే జాతీయ రిజిస్టర్‌లో నమోదు కావాలి. నంబరు అడగండి. పరీక్షిస్తున్న మందుకు రోగి దగ్గర డబ్బు తీసుకోరు. ఒప్పంద పత్రం మీకు తెలిసిన భాషలో ఉండాలి. చదవకుండా సంతకం పెట్టొద్దు.

మూడు. డ్యూటీలో ఉన్నప్పుడు మెడికల్ ఎగ్జామినేషన్‌కు పిలిచేవారుంటారు. రిటైరైన తర్వాత పిలిచేవారుండరు. ఇళ్లల్లోని ఆడవాళ్లనైతే ఎన్నడూ ఎవరూ పిలవలేదు. తగ్గని అలసట, కారణం లేకుండా బరువు తగ్గడం, కడుపులో ఎడమ పక్క బరువు ఉంటే ఒక సీబీపీ పరీక్ష చేయించండి. ఒక పూట కూరగాయల ఖర్చు అంతే.

నాలుగు. హైదరాబాద్‌లో నిమ్స్ ఉంది, 1955లో మొదలైన ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, ఆరోగ్యశ్రీ ఉంది. భూమి అమ్మేముందు ఈ మూడు తలుపులూ తట్టండి.

చివరగా సంఘానికి ఒక విన్నపం. స్వర్ణోత్సవ నిధితో బడికి ఆర్చి కడదామని కమిటీలో అనుకుంటున్నారని విన్నాను. కట్టండి, మంచిదే. దాంతోపాటు ఒక చిన్న జాబితా తయారుచేయండి. హైదరాబాద్‌లో స్థిరపడిన మన పూర్వ విద్యార్థులు వందల్లో ఉన్నారు. ఇక్కణ్ణుంచి భాగ్యనగర్ ఎక్కి మొదటిసారి పెద్దాసుపత్రికి వచ్చే మనిషికి ఏ బ్లాకు ఎటుందో, ఓపీ చీటీ ఎక్కడ తీయాలో తెలియదు. ఆ ఒక్కరోజు పక్కన నిలబడే మనిషి ఉంటే సగం భయం పోతుంది, దళారీలకు సగం పని తగ్గుతుంది. నెలకు ఒక్క రోజు చొప్పున ముప్పై మంది పేర్లు ఇస్తే చాలు, నెలంతా నిండుతుంది. మొదటి పేరు నాది రాసుకోండి. ప్రతి నెలా రెండో శనివారం.

 ప్రశ్నలుంటే భోజనాల దగ్గర అడగండి, ఎక్కడికీ పోను. సెలవు.